ముందు బ్రాకెట్, ఆ తర్వాతే కెమెరా

బాన్సువాడలో కొత్తగా స్టూడియో పెడుతున్న తమ్ముళ్లకూ, ఫొటోల మీద ఇష్టంతో కెమెరా కోసం పైసలు కూడబెట్టుకుంటున్నవాళ్లకూ నేను చెప్పే మొదటి మాట ఇది: కెమెరా ఇప్పుడే కొనకండి. ముందు ఎల్ బ్రాకెట్ చూసుకోండి. ఏ కెమెరాకు సరిగ్గా అతికే బ్రాకెట్ దొరుకుతుందో ఆ కెమెరానే కొనండి. బ్రాకెట్ దొరకని కెమెరా ఎంత గొప్పదైనా, ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి. లెన్సు, ఫ్లాష్, బ్యాగు అన్నీ ఆ తర్వాతే. తలకిందుల సలహా అంటారు. అననివ్వండి, నేను మాత్రం దీన్ని మార్చుకోను.

కెమెరా అడుగునూ ఎడమ పక్కనూ ఆనుకుని ఉండే అల్యూమినియం పట్టీయే ఎల్ బ్రాకెట్. ట్రైపాడ్ హెడ్ మీది క్లాంప్ కరిచి పట్టుకోవడానికి రెండు పక్కలా ఏటవాలు అంచులుంటాయి. అడ్డం ఫొటోకు అడుగు భాగాన్ని క్లాంపులో పెడతాం. నిలువు ఫొటో కావాలంటే కెమెరాను బయటికి తీసి, తిప్పి, పక్క భాగాన్ని పెడతాం. ఎలా పెట్టినా లెన్సు ట్రైపాడ్ నడినెత్తినే ఉంటుంది.

ఇది లేనివాళ్లు బాల్ హెడ్‌కు పక్కన ఉన్న గాడిలోకి కెమెరాను వాల్చేస్తారు. అప్పుడు బరువంతా ఒక పక్కకు వేలాడుతుంది. కెమెరాను పట్టుకున్నది అడుగున ఒకే ఒక్క స్క్రూ, పావు అంగుళానిది. పెద్ద లెన్సు బరువుకు ఆ స్క్రూ చుట్టూ కెమెరా మెల్లగా తిరిగిపోతుంది. గట్టిగా బిగించాననుకుని చెయ్యి తీస్తే ఫ్రేము కిందికి జారుతుంది. పైగా లెన్సు పక్కకూ కిందికీ జరుగుతుంది కాబట్టి ముందు కుదుర్చుకున్న ఫ్రేము పోయి, ట్రైపాడ్‌ను మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. అందుకే నా రెండో సలహా: ఆ గాడిని నల్లటి ఇన్సులేషన్ టేపుతో మూసేయండి. తెరిచి ఉంటే తొందరలో చెయ్యి అటే పోతుంది.

బ్రాకెట్‌ను ఎంచుకునేటప్పుడు ‘అన్ని కెమెరాలకూ సరిపోతుంది’ అని డబ్బా మీద రాసి ఉంటే ఆ డబ్బాను తిరిగి ఇచ్చేయండి. ఆ రకం బ్రాకెట్లలో చాలావాటికి కెమెరా ఒంటిని ఒడిసిపట్టే అంచు ఉండదు, మళ్లీ ఆ ఒక్క స్క్రూ మీదే భారం. మీ మోడల్ కోసమే చేసినదైతే కెమెరా వంపుల్లో కుదురుకుని కదలదు. కొనేముందు దుకాణంలోనే బిగించి మూడు చూడండి. బ్యాటరీ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. ఎడమ పక్క మైకు, రిమోట్ తీగలు గుచ్చే చోటు మూసుకుపోకూడదు. తెరిచి తిప్పే స్క్రీన్ ఉంటే అది బ్రాకెట్‌కు తగలకూడదు. తగిలితే పక్క పట్టీని కాస్త బయటికి జరుపుకునే రకం తీసుకోండి.

హెడ్ సంగతి. ఈ ఏటవాలు అంచుల పద్ధతిని ఆర్కా-స్విస్ కంపెనీ తెచ్చింది, తర్వాత మిగతా కంపెనీలు చాలావరకు దాన్నే పట్టుకున్నాయి. కానీ కొలతలు అందరివీ అచ్చంగా ఒకటి కావు. మీట నొక్కితే బిగుసుకునే క్లాంపుల్లో కొన్ని ఒక కంపెనీ బ్రాకెట్‌ను గట్టిగా పట్టి, ఇంకోదాన్ని వదులుగా పట్టుకుంటాయి. నాబ్ తిప్పి బిగించే క్లాంపు నిదానమే గాని ఎక్కువ రకాలకు సరిపోతుంది, నా ఓటు దానికే. మాన్‌ఫ్రాటో ఆర్‌సీ2 లాంటి వేరే రకం ప్లేటుతో వచ్చిన హెడ్ మీ దగ్గర ఉంటే, హెడ్ ఎంత బాగున్నా సరే, దాని మీది క్లాంపును మార్చాల్సిందే.

పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ఇంకో మాట. ఫ్లూయిడ్ హెడ్ పైకీ కిందికీ వంగుతుంది, చుట్టూ తిరుగుతుంది, పక్కకు మాత్రం వాలదు. పెళ్లికూతురు ఇప్పుడు అడిగేది ఇన్‌స్టాగ్రామ్‌కు నిలువు రీల్. ఆ హెడ్ మీద కెమెరాను నిలువుగా నిలబెట్టాలంటే తేలికైన దారి బ్రాకెటే. హెడ్‌తో వచ్చిన ప్లేటు మీద చిన్న ఆర్కా క్లాంపు ఒకటి బిగిస్తే సరిపోతుంది. జీలకర్ర బెల్లం వేళ కూడా ట్రైపాడ్ వదలకండి. ‘ఓ తమ్మీ, గా మూడు కాళ్లది పక్కకు వెట్టు’ అని పెద్దమనుషులు కసురుకుంటారు. మండపం మూలన చోటు ముందే మాట్లాడి పెట్టుకోండి, అక్కడి నుంచి కదలకండి.

ఫొటోను అడ్డం నుంచి నిలువుకు మార్చుకోవడమనేది కొత్తగా పుట్టిన అవసరం కాదు. రాజా దీనదయాళ్ ఆరో నిజాం కొలువులో పనిచేసిన కాలంలోనే చెక్క కెమెరాలకు వెనక భాగాన్ని తిప్పి పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. కెమెరా కదలకుండానే అడ్డం ఫొటో నిలువయ్యేది. 1970లో వచ్చిన మామియా ఆర్‌బీ67లోనూ వెనక భాగం తిరుగుతుంది. ఇప్పటి కెమెరాలు చాలావాటిలో ఆ సౌకర్యం పోయింది. ఆ లోటు తీర్చే వస్తువును పైపై సామానంటే నేను ఒప్పుకోను.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని గురించి. బాన్సువాడ నుంచి నిజాంసాగర్ పోతే మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన రాతి ఆనకట్ట కనిపిస్తుంది, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో కట్టింది. అంత పొడవైన కట్టడం ముందు నిలబడి అందరూ కెమెరాను అడ్డంగా పట్టుకుంటారు. మీరు నిలువుగా పెట్టండి. కారణం లెక్కలో ఉంది. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ తెరిస్తే 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో 6000కు 4000 పిక్సెళ్లు. అడ్డం ఫొటోను ఆ ఆకారానికి కత్తిరిస్తే ఎత్తు 2000 పిక్సెళ్లకు పడిపోతుంది, అంటే అంగుళానికి 167 కూడా రావు. అదే కెమెరాను నిలువుగా పెట్టి, ఒకదాని మీద ఒకటి మూడో వంతుకు కాస్త తక్కువగా కలిసేలా ఆరు ఫొటోలు తీసి అతికిస్తే సుమారు 18000కు 6000 వస్తాయి. అంగుళానికి 500. ఆనకట్ట రాళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి.

గాడిలోకి వాల్చిన కెమెరాతో ఈ పని చేస్తే లెన్సు ట్రైపాడ్ చుట్టూ పెద్ద గుండ్రంగా తిరుగుతుంది. దూరపు నీళ్లు అతుక్కుంటాయి గాని దగ్గర ఉన్న పిట్టగోడ మాత్రం అతుకు దగ్గర విరిగిపోతుంది. బ్రాకెట్ ఉంటే లెన్సు పక్కకు పోదు. ముందుకూ వెనక్కూ సర్దడానికి ఒక పొడవాటి రైలు పట్టీ కూడా ఉంటే అతుకు ఇంకా బాగుంటుంది. కట్ట మీద గాలి ఎక్కువ, ట్రైపాడ్ నడి కడ్డీని పైకి లేపకండి.

బీర్కూర్ మండలం తిమ్మాపూర్‌లోని తెలంగాణ తిరుమల దేవస్థానం గోపురానికీ ఇదే పద్ధతి. కెమెరాను నిలువుగా, మట్టసంగా పెట్టి, కాస్త దూరం నుంచి తీయండి. కెమెరాను పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు పడుతుంది.

ఒకసారి బిగించాక బ్రాకెట్‌ను మళ్లీ విప్పకండి. ఇంట్లో, బ్యాగులో, చేత్తో పట్టుకుని తీసేటప్పుడు కూడా అది కెమెరాతోనే ఉండాలి. కాస్త బరువు పెరుగుతుంది, పెరగనివ్వండి. అలెన్ కీని బండి తాళంచెవి గుత్తికే తగిలించుకోండి, ప్రతి షూట్‌కు ముందు స్క్రూను ఒకసారి బిగించండి. క్లాంపులో పెట్టిన ప్రతిసారీ కెమెరాను కొద్దిగా లాగి చూశాకే చెయ్యి తీయండి.

కోఠి కెమెరా దుకాణాలకు పోయేవాళ్లు కౌంటర్ దగ్గర మొదట బ్రాకెటే అడగండి. అది మీ చేతికి వచ్చాకే కెమెరా ధర మాట్లాడండి.