ఒంటిగంట నేరం

శ్రీ సిటీ పారిశ్రామిక వాడలో పెట్టుబడికి గడువులు పొడిగిస్తారు గానీ, దాని వెంట వచ్చిన మనిషికి పొడిగించరు. అక్కడికి వచ్చే జపాన్‌వాళ్లకు 2016 నుంచి, కొరియావాళ్లకు 2018 నుంచి చెన్నైలో దిగగానే వీసా ఇస్తున్నారు. గరిష్ఠంగా 60 రోజులు.

"పదో తారీఖుతో వీసా సరి. విమానమూ ఆ రాత్రే కదా!" అని ఇంజినీరు దొర ధీమాగా తడలో దోసె తిని బయల్దేరతాడు. టికెట్టు చూస్తే అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు. అంటే పదకొండో తారీఖు! రాత్రి పన్నెండు గంటల్లోపు ఇమ్మిగ్రేషన్ ముద్ర పడిందా, సరే. లేదంటే చిక్కే.

2025 నాటి విదేశీయుల చట్టంలో గడువు మీరితే మూడేళ్ల దాకా జైలు, లేదా మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గంటకైనా, ఏడాదికైనా అదే సెక్షన్.

మామూలుగా జరిమానా కట్టి ఎగ్జిట్ పర్మిట్ తెచ్చుకోమంటారు, అదీ ఆన్‌లైన్‌లో. ఈలోగా విమానం బంగాళాఖాతం దాటేస్తుంది.