వినాయకుడి చుట్టూ ప్రహరీ

“ఈ గోడ ఎవరిదండీ?” అన్నారు మాస్టారు, ప్లాను మీద వేలు ఆనించి.

కళ్ళజోడు సర్దుకుని చూశాను. తూర్పు ప్రహరీ పక్కన, దాన్నానుకునే, ఒక సన్నటి నల్లగీత. నేను గీసింది కాదు. రాజమండ్రిలో ముప్ఫయ్యేళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీసుకుని బతుకుతున్నవాణ్ణి, నా గీతల్ని నా పిల్లల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాను. ఇదెవరో ఊళ్ళోకి కొత్తగా వచ్చిన పిల్ల.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. స్థలం 200 గజాలు, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. తూర్పు పక్క స్థలమాయనతో సరిహద్దు గొడవ తొమ్మిదేళ్ళు నడిచి, పెద్దమనుషుల్లో తెమిలింది. ఆ సంతోషంలోనే ఇల్లు మొదలెట్టారు. ప్లాను కాగితం మీద కుడిచేతి పైమూల, అంటే ఈశాన్యంలో, వినాయకుడి బొమ్మ ఉండాలని సిద్ధాంతిగారు సెలవిచ్చారట. మాస్టారు ఇంట్లో కేలండరు చింపి తెచ్చారు. దాన్ని స్కాన్ చేసి, ఆటోకాడ్‌లో ఇమేజ్ అటాచ్ చేసి, ఈశాన్యంలో కూర్చోబెట్టాను. దేవుడు బాగానే వచ్చాడు. ఆయనతోపాటు నాలుగు వైపులా ఒక గీత వచ్చింది.

“గోడ కాదు మాస్టారూ, బొమ్మ అంచు.”

“గీత అన్నాక ఎవరిదో ఒకరిది అవ్వాలి కదండీ? మీరు అంచంటారు. మా తూర్పాయన చూశాడంటే తనదంటాడు.” జేబులోంచి స్కేలు తీశారు. “మందం ఎంతండీ ఇది?”

“పావు మిల్లీమీటరు.”

“స్కేలు?”

“ఒకటికి వంద.”

“అంటే నేల మీద రెండున్నర సెంటీమీటర్లు. అంగుళం. పొడవు కాగితం మీద మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు, అంటే పన్నెండడుగులు. పన్నెండడుగుల పొడవున అంగుళం చొప్పున పోతే ఒక చదరపు అడుగు.” స్కేలు జేబులో పెట్టుకున్నారు. “దేవుడి పేరు చెప్పి చదరపు అడుగు పోగొట్టుకోలేనండీ.”

నాకు నోట మాట రాలేదు. లెక్క సరిగ్గానే ఉంది.

ఈలోగా ఆయన వాట్సాప్‌లో ఫొటో పంపితే సిద్ధాంతిగారు ఫోన్ చేశారు. “ఈశాన్యం తెరిపిగా ఉంచమంటే పెట్టె కట్టేశారేవిటండీ?” అని.

ట్రేసింగ్ పేపరు రోజుల్లో అయితే ఇది అర నిమిషం పని. తప్పు గీత పడితే బ్లేడు ముక్క విరిచి, ఇంకు ఎండినదాకా ఆగి, పైపైన గీకేవాళ్ళం. ఊపిరి బిగబట్టి గీకాలి. కాగితం చిరిగితే రెండు రోజుల పని పోయినట్టే. గీకినచోట నూగులేస్తుంది, గోటితో రుద్ది నున్నగా చేసేవాళ్ళం. అమ్మోనియా ప్రింటులో ఆ మచ్చ కూడా కనిపించేది కాదు. కంప్యూటర్లో బ్లేడు లేదు. ఆ గీతని క్లిక్ చేసి డిలీట్ కొడితే గీతతోపాటు వినాయకుడూ పోయాడు. మాస్టారు చూడకముందే అన్‌డూ కొట్టాను.

సరే, రంగు మారుద్దాం అనుకున్నాను. తెల్లకాగితం మీద తెల్లగీత ఎవరికి కనిపిస్తుంది? 7వ నంబరు రంగు ఇచ్చాను. దాని పేరే వైటు. ప్రింటు తీస్తే మరింత నల్లగా వచ్చింది. నల్లటి తెర మీద తెల్లగా, తెల్లటి కాగితం మీద నల్లగా ఉండటం ఆ ఏడో రంగు స్వభావం. ఈ సంగతి నాకు ఏళ్ళుగా తెలుసు. కంగారులో గుర్తు రాలేదు.

తర్వాత బొమ్మని విడి లేయర్లో పెట్టి, ఆ లేయరుకి ప్రింటు గుర్తు తీసేశాను. గీత పోయింది. బొమ్మ కూడా అదే లేయర్లో ఉంది కదా, స్వామి కూడా పోయాడు. ఆ గుర్తు మళ్ళీ పెట్టి, వైపవుట్ వాడాను. అది తెల్లటి ముసుగులాంటిది, దేని మీద కప్పితే అది కనిపించదు. గీత మీద కప్పాను, గీత మాయమైంది. ముసుగు చుట్టూ ఇంకో గీత వచ్చింది. వైపవుట్‌కి కూడా అంచు ఉంటుంది మరి. ఒక ప్రహరీ ఉన్నచోట రెండు ప్రహరీలు. ఆ ముసుగూ తీసేశాను.

మాస్టారు మూడో టీ తాగుతున్నారు.

ఆఖరికి, అక్కడి ప్రింటులోనైనా గీత రాకుండా ఉంటుందేమోనని, పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసుకుని ప్లాటరు షాపుకి పరుగెత్తాను. అక్కడి కుర్రాడు ఫైలు తెరిచి, తెరవంక చూసి, నావంక చూశాడు.

“సార్, దేవుడు రాలేదండీ. అడ్రసు మాత్రం వచ్చింది.”

నిజమే. ఈశాన్యంలో ఖాళీ చట్రం, అందులో వినాయకుడు నా డి డ్రైవులో ఏ ఫోల్డర్లో కొలువున్నాడో ఆ చిరునామా. ఆటోకాడ్‌లో బొమ్మ డ్రాయింగులో ఉండదు, దాని ఆచూకీ మాత్రమే ఉంటుంది. బొమ్మ ఫైలు కూడా వెంట తీసుకెళ్ళాలి. స్వామిని ఆఫీసులో వదిలేసి ప్రహరీని మాత్రం స్కూటరెక్కించుకు వచ్చానన్నమాట. మళ్ళీ వెళ్ళి తెచ్చాను.

ఈసారి సిగ్గు విడిచి గీత సంగతి చెప్పాను. కుర్రాడు నా మాట పూర్తికాకుండానే కీబోర్డు మీద ఇమేజ్‌ఫ్రేమ్ అని కలిపి కొట్టి, ఎంటర్ కొట్టి, సున్నా కొట్టాడు. గీత పోయింది, దేవుడు మిగిలాడు. నాలుగు సెకన్లు.

నేను ఎగిరి గంతేసి ఆఫీసుకొస్తే మాస్టారు ప్రింటు చూసి తల ఊపారు. “ఆయ్, బాగుందండీ. స్వామిని కొంచెం కుడివైపుకి జరపండి.”

బొమ్మని క్లిక్ చేశాను. పట్టుబడలేదు. మళ్ళీ చేశాను. ఊహూఁ. మా ఆఫీసులోది పాత వెర్షను, అందులో బొమ్మని పట్టుకోవాలంటే అంచు మీదే నొక్కాలి. ఆ అంచు ఇప్పుడు లేదు. పిలక కత్తిరించేసి పిలక పట్టుకు లాగుతానంటే ఎలా? షాపుకి ఫోన్ చేశాను.

“సున్నా అంటే అసలుండదండీ, తెర మీదా కాగితం మీదా. ఒకటి అంటే రెండుచోట్లా ఉంటుంది, మొదట మీకున్నది అదే. రెండు కొట్టండి. తెర మీద ఉంటుంది, కాగితం మీద రాదు.”

“ఇది నాకు ఇందాకే చెప్పొచ్చు కదరా బాబూ!”

“మీరు పోవాలన్నారు సార్. ఉంచి పోవాలనలేదు.”

వైపవుట్‌కీ ఇలాంటి సంఖ్యే వేరే ఉందట. ఉత్త ఫ్రేమ్ అని కొడితే అన్ని రకాల అంచుల మీదా ఒకేసారి అజమాయిషీ చెయ్యొచ్చట. ఇన్నేళ్ళూ నేను నిద్రపోతూ కాడ్ చేశాననిపించింది. తప్పు కాడ్‌ది కాదు, అడగాల్సినవాణ్ణి అడగని నాది. కొట్టగానే వచ్చిన ఆజ్ఞలు పది నేర్చుకుని, వాటితోనే ఇల్లు కట్టుకుని కూర్చున్నాను.

రెండు కొట్టాను. స్వామిని జరిపాను. ప్రింటు తీశాను. మాస్టారు భూతద్దం పెట్టి ఈశాన్యమంతా గాలించి, ఏమీ దొరక్క, కాగితం కిందివైపుకి దిగారు.

“ఈ లొకేషన్ మ్యాపు చుట్టూ ఇందాక చక్కగా గీత ఉండేది కదండీ? ఏదీ?”

అది కూడా బొమ్మే, ఆకాశం నుంచి తీసిన వీధి ఫొటో. ఆ సంఖ్య ఒక బొమ్మకి ఒకలా, ఇంకో బొమ్మకి ఇంకోలా పనిచెయ్యదు. డ్రాయింగులో ఉన్న ప్రతి బొమ్మకీ అదే న్యాయం. రెక్టాంగిల్ తీసుకుని, పొద్దున్నుంచీ ఏ గీతని చంపడానికి తిరిగానో సరిగ్గా అలాంటి గీతనే మ్యాపు చుట్టూ చేత్తో గీసిచ్చాను. దానికి మాస్టారు అభ్యంతరం చెప్పలేదు. అది పశ్చిమాన ఉంది, అటు రోడ్డు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఒక్క మనవి. ఆ సంఖ్య ఏ డ్రాయింగుకి ఆ డ్రాయింగులోనే ఉంటుంది, రేపు కొత్తది తెరిస్తే గీత మళ్ళీ ప్రత్యక్షం. కాబట్టి మీ టెంప్లేట్ ఫైలు తెరిచి అందులోనే 2 కొట్టి సేవ్ చేసుకోండి. సున్నా మాత్రం పెట్టకండి.