90 గ్రాముల యుద్ధసామగ్రి

విదేశీ పొట్లాలు విప్పి చూసే అధికారిగారి దివ్యసముఖానికి,

నాచారం కాపురస్తుడు, వేళ్లకు ఫెవికాల్ వదలని ఒక పెద్దమనిషి నమస్కరించి రాసుకున్న విన్నపం.

విషయం: తమరి బల్ల మీద ఆగిపోయిన 90 గ్రాముల యుద్ధసామగ్రి గురించి.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తమరి చూపు పదునుగా ఉండబట్టే దేశమూ క్షేమంగా ఉందని తలుస్తాను. లేకపోతే నా పేరున వచ్చిన ఆ అట్టపెట్టెలో ఎన్ని ఘోరాలున్నాయి! టార్పాలిన్లు ఆరు, పరుపుచుట్టలు పది, మందుగుండు పెట్టెలు ఎనిమిది, జెర్రీక్యాన్లు నాలుగు, పట్టీలకు బిగించే బకిల్స్ ఉన్న ఇత్తడి రేకు ఒకటి, పుట్టీ ఒక ముద్ద. పెట్టె మీద ‘మిలిటరీ వాహనాల సరంజామా, 1/35 స్కేలు’ అని అచ్చేసి ఉంది. తమరు మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. స్కేలు దాకా చదివే తీరిక చిక్కినట్టు లేదు. సైనిక పరికరాలు తెప్పించుకోవడానికి అనుమతి పత్రం చూపమనీ, తుది వినియోగదారు ఎవరో తెలపమనీ నోటీసు వచ్చింది.

తుది వినియోగదారుణ్ణి నేనేనండి. తుది వినియోగం మా హాల్లో టీవీ పక్కనున్న గాజు అల్మారాలో. ఆరు టార్పాలిన్లూ కలిపి అరచేతిలో పడతాయి. వాటిని తీసుకెళ్లి ఏ సరిహద్దు మీద కప్పుతాననుకున్నారు?

ఇవి ఆయుధాలు కావు మహాప్రభో, బొమ్మలు అని జవాబు రాశాను. వెంటనే రెండో కాగితం: బొమ్మలైతే ఐఎస్ఐ ముద్ర ఏది?

ఇదెక్కడి న్యాయమండీ! 2020 ఫిబ్రవరిలో తెచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉందని నాకూ తెలుసు. అది పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఆడుకునేవాటికి. నా పెట్టె మీద పద్నాలుగు పైబడినవారికి అని ఉంది. నాకు పద్నాలుగు ఎప్పుడో నిండాయని మోకాళ్లు రోజూ చెబుతున్నాయి, కావాలంటే పెన్షన్ కాగితం జత చేస్తాను. ఇక సుంకం సంగతి. 9503 అనే ఒక్క పద్దు కిందే మూడు చక్రాల సైకిళ్లు, బొమ్మల బళ్లు, పజిల్స్, వాటితోపాటు స్కేలు మోడళ్లు. 20 శాతం ఉన్నది 2020లో 60 అయింది, 2023లో 70 అయింది. నాసిరకం ప్లాస్టిక్ నుంచి పిల్లల్నీ, పోటీ నుంచి మన కార్ఖానాల్నీ కాపాడాలంటే కాదనను. కానీ 1/35 స్కేలు పరుపుచుట్టలు పోసే కార్ఖానా ఈ దేశంలో ఎక్కడుందో చూపించండి, రేపే వెళ్లి దాని గేటు ముందు నిలబడతాను.

ముందు ఒకటి తేల్చండి. యుద్ధసామగ్రి అయితే పిల్లల బొమ్మల ముద్ర ఎందుకు? పిల్లల బొమ్మే అయితే రక్షణ అనుమతి ఎందుకు? ఉప్పల్ ఫుట్‌పాత్ మీద గుళ్లు పేల్చే ప్లాస్టిక్ తుపాకులు గుట్టపోసి అమ్ముతుంటే అడిగేవాడు లేడు. పేలేది ఫరవాలేదు, చుట్టిపెట్టిన పరుపు మాత్రం ప్రమాదం!

తమరు ఆపినది దేనికోసమో కాస్త వినండి. నేను చేస్తున్నది బీఎంపీ-2, సిపాయిల్ని మోసే కవచవాహనం, మన సైన్యం శరత్ అని పిలుచుకునే బండి. అసలుది ఎక్కడ తయారవుతుందో తమరికి తెలియకపోదు. 1984లో పెట్టిన ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో, ఈ హైదరాబాద్‌కి ఆ కొసన. అక్కడ నిజమైనవి బారులు తీరి బయటికొస్తే దేశానికి గర్వం. ఈ కొసన నాచారంలో దాన్ని 35 వంతులు కుదించి, జానెడు కూడా లేని నా బొమ్మ మీద నాలుగు మూటలు పెడదామంటే దేశానికి ముప్పు!

ఆ బండిలో నడిపేవాళ్లు ముగ్గురు, వెనక కూర్చునే సిపాయిలు ఏడుగురు. పదిమంది. పదిమంది పరుపులు, బకెట్లు, నీళ్ల డబ్బాలు, టీ కాచుకునే గిన్నె లోపల పట్టవు. అన్నీ బయటే వేలాడాలి. గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో మనం చూసేది కడిగి రంగేసిన బండి. రాజస్థాన్ ఇసుకలో రోజుల తరబడి తిరిగే బండి వేరు. తుపాకీ, కవచం బండి బొమ్మ పెట్టెలోని ప్లాస్టిక్కే ఇచ్చేస్తుంది. అందులో మనుషులు ఉంటున్నారని చెప్పేది మాత్రం పైనున్న మూటాముల్లె. తమరు ఆపింది ఆయుధాన్ని కాదండీ, సిపాయి పడకని.

పైగా మూటలు ఎక్కడపడితే అక్కడ పెట్టడానికి లేదు. బీఎంపీకి ఇంజను ముందువైపు కుడిపక్కన, పొగ వచ్చేదీ అక్కడే, అక్కడ సంచి పెడితే కాలుతుంది. వెనక కప్పు మీద సిపాయిల తలుపులున్నాయి, వాటిని మూయకూడదు. టరెట్ చుట్టూ తిరగాలి, దానికి ఏదీ అడ్డు రాకూడదు. అదే టీ-72 ట్యాంకు అయితే పొగగొట్టం ఎడమపక్కన, వెనక ఇంధనం పీపాలూ బురదలోంచి లేవడానికి దుంగా. ఇవన్నీ చూసి చూసి పెట్టే మూటలు ఆరో ఏడో. ఈ మాత్రం జాగ్రత్త తమరి గోదాములో నా పెట్టె మీద బరువులు పేర్చేవాళ్లకు ఉంటే బాగుండును.

టార్పాలిన్ నేను చేసుకోలేనా అంటారేమో. చేసుకుంటాను, చేస్తూనే ఉన్నాను. జేబురుమాలు కత్తిరించి కప్పితే బండికి బొంత కప్పినట్టుంటుంది. మిల్లీమీటరు మందం కాన్వాసును 35తో భాగిస్తే 0.03 మిల్లీమీటర్లు, అంత పల్చన గుడ్డ ఏ కొట్లోనూ దొరకదు. అందుకే టిష్యూ కాగితాన్ని పొరలుగా విడదీసి, ఒక్క పొర తీసుకుని, ఫెవికాల్ నీళ్లలో తడిపి బండి మీద పరుస్తాను. తడి కుంచె మొనతో ముడతలు దిద్ది, రాత్రంతా ఆరనిస్తాను. తర్వాత ఆకుపచ్చ వేసి, ముడత గట్ల మీద కాస్త లేత రంగు, లోపలికి పల్చటి ముదురు గోధుమ రంగు, అడుగున దుమ్ము.

గుడ్డ ఎలా జారుతుందో నేర్పింది మా వరంగల్ రోడ్డే. ఆ పుణ్యం 2018లో మొదలుపెట్టిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌ది. ఆ స్తంభాల మధ్య ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ముందు లారీ టార్పాలిన్ తప్ప చూడ్డానికి ఇంకేముంటుంది? ముడతలన్నీ తాడు కట్టిన కొక్కెం దగ్గరే పుడతాయి. తాడుకీ తాడుకీ మధ్య గుడ్డ జారి గుంట పడుతుంది, వాన పడితే ఆ గుంటలోనే నీళ్లు నిలుస్తాయి. ప్లాస్టిక్ తాటిపత్రి ముడత పదునుగా విరుగుతుంది, కాన్వాసుది మెత్తగా వంగుతుంది. నాచారం పారిశ్రామికవాడ లారీల వెనకా ఇదే చదువు. ఆ ఫ్లైఓవర్ సంగతి తమరి శాఖది కాదని తెలుసు. కోపం ఆగక చెప్పాను.

పుట్టీకి బదులు ఎమ్-సీల్ వాడుకోరాదా అని తమరి కిటికీ దగ్గర ఒకాయన సలహా ఇచ్చారు. కొళాయి కారితే ఎమ్-సీల్‌కి సాటి లేదు. కానీ మా మే నెల ఎండకి రెండు ముద్దలూ కలిపి, పౌడరు చల్లి, పల్చగా ఒత్తి, మడత పెట్టేలోగానే బిగుసుకుంటుంది. అంచులు చిట్లిపోతాయి. మోడళ్ల పుట్టీ గంటకు పైగా మాట వింటుంది, పట్టీ నొక్కిన గుర్తు కూడా దాని మీద నిలుస్తుంది. ఆ ముద్దే తమరి దగ్గర ఉంది.

ఐఎస్ఐ ముద్ర అడిగారు కనుక ఇక కొండపల్లి బొమ్మల సంగతి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకీ, భౌగోళిక గుర్తింపు ఉన్న కొండపల్లి, ఏటికొప్పాక లాంటి వాటికీ ఆ బొమ్మల నాణ్యతా ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. చాలా మంచి పని. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నా పుట్టీ చేసే పనీ అదే. ఏనుగు మీద అంబారీ పెట్టిన కళాకారుణ్ణి ఏనుగుకు లైసెన్సు ఏదని ఎవరూ అడగలేదు. నేను బండి మీద పరుపుచుట్ట పెడితే బండికి అనుమతి అడుగుతున్నారు.

దీని తర్వాత నేను చేయబోయేది 1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి వెంట షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ మీదికొచ్చిన ట్యాంకుల్లో ఒకదాన్ని. దానికీ మూటలు కావాలి. ఏ కాగితం పట్టుకురావాలో ఇప్పుడే చెబితే ఇప్పట్నుంచే తిరుగుతాను.

అయ్యా, వాదించే ఓపిక అయిపోయింది. ఒక మాట మీదికి వద్దాం. టార్పాలిన్లు మీరే ఉంచుకోండి, టిష్యూతో చేసుకుంటాను. పరుపుచుట్టలూ ఉంచుకోండి. మందుగుండు పెట్టెలు భయమైతే పారేయండి, అగ్గిపెట్టె అట్టతో కట్టుకుంటాను. ఆ ఇత్తడి రేకు ఒక్కటి పంపండి. అయిదు సెంటీమీటర్ల బకిల్ ఈ స్కేలులో ఒకటిన్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. రేకు మీద వెలుతురుతో అచ్చు దింపి, ఆమ్లంతో కొరికించి చేస్తారు. నా చేతుల్తో అయ్యే పని కాదు, నా కళ్లతో అంతకన్నా కాదు. బకిల్ లేకపోతే పట్టీ నిలవదు, పట్టీ లేకపోతే మూట ఎందుకు జారిపోలేదో చూసేవాడికి అర్థం కాదు. 70 శాతం కడతాను, రసీదు కూడా అడగను. దయచేసి పంపండి.

ఇట్లు,
తమ విధేయుడు,
నాచారం తుది వినియోగదారు

తా.క.: జెర్రీక్యాన్లు చూసి పెట్రోలు నిల్వకు లైసెన్సు అడుగుతారేమోనని ముందే చెబుతున్నాను. అసలు డబ్బాలో పట్టేది 20 లీటర్లు. ఈ స్కేలులో అర మిల్లీలీటరు కూడా కాదు. పైగా అవి గట్టి రెజిన్ ముద్దలు, లోపల బోలు లేదు.