గచ్చిబౌలిలో రెండొందల మీటర్ల లోతు

హైదరాబాదుకు సముద్రం లేదు. ఉన్న హుస్సేన్‌సాగర్ ఎంత లోతైన చోటైనా 32 అడుగులేనని లెక్క. అంటే పది మీటర్లకు కాస్త తక్కువే. అందులో సరదాకి ఈత కొట్టిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని నేనింతవరకూ చూడలేదు. ఆ గట్టు మీద ఓ సాయంత్రం గాలి పీల్చినవాళ్ళెవరూ అందుకు ఆశ్చర్యపోరు. అయినా సరే, ఈ ఊళ్ళో కొత్తగా జీతం చూసిన ప్రతి కుర్రాడి మణికట్టుకూ 200 మీటర్ల లోతు తట్టుకునే వాచీ కావలసి వచ్చింది. గచ్చిబౌలిలో ఏ క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చున్నా ఒకటే ప్రశ్న: "అన్నా, రోజూ పెట్టుకోడానికి, బడ్జెట్లో, మంచి ఆటోమేటిక్ డైవర్ ఏదన్నా చెప్పవా?"

ఎందుకు నాయనా అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది. "ఒక్కటి కొంటే అన్నిటికీ సరిపోతుందన్నా. ఆఫీసుకీ, పెళ్ళికీ, వానకీ, గోవాకీ." ఆఫీసులో తడి ఏసీ నీళ్ళు కారినప్పుడే. పెళ్ళిలో తడి తలంబ్రాల బియ్యానికి కూడా ఉండదు. వానొస్తే క్యాబ్ ఉంది. ఇక గోవా అంటారా, అక్కడ వీరుడు దిగింది మోకాళ్ళ లోతు, అదీ ఫొటో తీసేవాడు "ఇంకొంచెం వెనక్కి" అన్నందుకు.

ఈ జాతి వాచీ పుట్టినప్పుడు దానికో పని ఉండేది. 1953లో బ్లాంపాన్ కంపెనీ 'ఫిఫ్టీ ఫాథమ్స్' తెచ్చింది. ఆ కంపెనీ అధిపతి ఝాన్ ఝాక్ ఫీష్టర్ స్వయంగా డైవింగ్ చేసేవాడు. ఒకసారి నీళ్ళ అడుగున టైం మరిచిపోయి, గాలి అయిపోయి, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. దిగి ఎంతసేపయిందో చూపించే, డయల్ చుట్టూ తిరిగే బెజెల్ అనే కట్టు అవసరం అక్కడ తెలిసొచ్చింది. ఆ రోజుల్లోనే ఫ్రెంచి నౌకాదళంలో కెప్టెన్ రోబేర్ మాలుబియే తన పోరాట ఈతగాళ్ళ కోసం అలాంటి వాచీనే వెతుకుతున్నాడు. ఇప్పటి వాచీల్లో ఆ బెజెల్ ఒకవైపే తిరుగుతుంది. రాతికి తగిలి పొరపాటున కదిలినా, గడిచిన టైం ఎక్కువగానే చూపించాలి కానీ తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే డైవరు తొందరపడి పైకొస్తాడు, బతుకుతాడు. తక్కువ చూపిస్తే రాడు.

అంతటి బెజెల్‌ని మనవాడు మ్యాగీ ఉడకడానికి తిప్పుతున్నాడు. కిటికీ పక్కన నిలబడి, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి, టక్ టక్ మని ఆ చప్పుడు పక్క క్యూబికల్ వాడికి వినపడేదాకా తిప్పుతాడు. వాళ్ళమ్మ నలభై ఏళ్ళుగా మూడు విజిళ్ళకు కుక్కరు దించుతోంది. ఆవిడకు ఈ పరికరం లేని లోటు ఎన్నడూ తెలియలేదు.

లోతు సంగతికొద్దాం, అసలు వినోదమంతా అక్కడే ఉంది. స్కూబా నేర్చుకునే కొత్తవాళ్ళను 18 మీటర్లు దాటనివ్వరు. సరదా డైవింగుకు 40 మీటర్లే హద్దు. 2014లో ఈజిప్టుకు చెందిన అహ్మద్ గబ్ర్ ఎర్రసముద్రంలో 332 మీటర్లు దిగి రికార్డు పెట్టాడు. దిగడానికి సుమారు పావుగంట పట్టింది, పైకి రావడానికి 13 గంటలకు పైగా పట్టింది. అంత లోతు నుంచి గబగబా పైకొస్తే రక్తంలో కరిగిన వాయువులు బుడగలు కట్టి మనిషి ప్రాణం తీస్తాయి. కాబట్టి 200 మీటర్ల దగ్గర మీ వాచీ భద్రంగానే ఉంటుంది. దాని వెనకాల ఉన్న మీ సంగతి మాత్రం ఏ డయలూ హామీ ఇవ్వదు. పైగా ఇవాళ నిజం డైవర్లు చేతికి కట్టుకునేది డైవ్ కంప్యూటర్. లోతు, గడిచిన టైం, ఎక్కడ ఎంతసేపు ఆగి పైకి రావాలో అదే చెబుతుంది. ముళ్ళ వాచీ ఉంటే తోడుగా ఉంటుందంతే.

కుర్రాళ్ళ పక్షాన ఒక న్యాయమైన మాట ఉంది, అదీ చెప్పాలి. డయల్ మీది అంకెలు నిజంగానే తికమక పెడతాయి. 30 మీటర్లని రాసిన వాచీ పెట్టుకుని ఈతకు దిగొద్దని తయారుచేసిన కంపెనీలే చెబుతాయి. అది చేతులు కడుక్కున్నప్పుడు పడే చినుకులకే. సరే, ఒప్పుకున్నాం. ఈతకు 100 మీటర్ల వాచీ చాలు. మరి మిగతా వంద మీటర్లు ఎవరి కోసం? క్యాంటీన్ బల్ల కోసం.

ఈ మధ్య ఒక వీరుడు ఇంకో మెట్టు దిగాడు. "అన్నా, దీనికి హీలియం వాల్వు కూడా ఉంది!" అన్నాడు. సముద్రగర్భంలో నూనె బావుల దగ్గర పనిచేసే డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి గదుల్లోనే తిని, పడుకుంటారు. అక్కడ పీల్చే గాలిలో హీలియం కలుపుతారు. ఆ సన్నటి వాయువు వాచీలోకి కూడా దూరిపోతుంది. పైకి తెచ్చేటప్పుడు బయట ఒత్తిడి తగ్గితే అది లోపల్నించి అద్దాన్ని ఎగరగొట్టొచ్చు. ఆ వాల్వు అందుకు. పీజీ హాస్టల్లో పీల్చేది సాంబారు ఆవిరి కదా తమ్ముడూ అన్నాను. "ఉంటే మంచిదే కదన్నా" అన్నాడు. 

అసలు చూడవలసిన దృశ్యం భోజనాల తర్వాత వాష్‌బేసిన్ దగ్గర ఉంది. వీరుడు కుళాయి విప్పే ముందు చైన్ క్లాస్ప్ నొక్కి వాచీ తీస్తాడు. చొక్కా కొసతో అద్దం ఒకసారి తుడిచి జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాత చేతులు కడుక్కుంటాడు. ఇదేమిటయ్యా, 200 మీటర్ల లోతు ఒత్తిడికి నిలబడేదాన్ని కుళాయి ధారకు దాస్తావేంటి అంటే, "సబ్బు మరకలు పడతాయన్నా" అంటాడు. ఇంకొకడు వాన మొదలవగానే వాచీని ఫోనుతో పాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో పెట్టడం ఈ కళ్ళతోనే చూశాను. నిజంగా నీళ్ళలో బతికేవాళ్ళ చేతులు కూడా చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గరో, ధవళేశ్వరం దగ్గరో పోలీసులు పిలిపించే గజఈతగాళ్ళు ఉంటారు. ఏ ప్రమాణపత్రమూ లేని ఆ చేతులకు ఉంటే ఒక కాశీతాడు, లేదంటే అదీ లేదు.

ప్రమాణం అన్నాను కాబట్టి, దానికో లెక్క ఉంది. ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డైవర్ వాచీని రాసిన లోతు కంటే పాతిక శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైం కనపడాలి. ఉప్పునీళ్ళలో 24 గంటలు నానబెట్టాలి. ముఖ్యంగా, నీళ్ళు చొరబడకపోవడం నమూనాకు ఒకటి తీసి చూస్తే సరిపోదు, ప్రతి వాచీనీ పరీక్షించాలి. అప్పుడే డయల్ మీద 'డైవర్స్' అని రాసుకోవాలి. సిటిజెన్ ప్రోమాస్టర్ ఎన్‌వై0040 మీద 'డైవర్స్ 200ఎం' అని ఉంటుంది. ఓరియెంట్ కమాసు మీద 'వాటర్ రెసిస్ట్ 200ఎం' అని ఉంటుంది. కమాసు చెడ్డదని కాదు. ఆ ధరకు నీలమణి అద్దం ఇస్తుంది, మా వీరుల్లో సగం మంది చేతికి అదే ఉంది. కానీ ఆ సగం మందిలో డయల్ మీద ఏం రాసుందో చదివినవాడు ఎవడు?

చదవనివాడికి జరిగేదేమిటో సీకో చరిత్రే చెబుతుంది. 1996లో సీకో ఎస్‌కెఎక్స్007 వచ్చింది. 200 మీటర్లు, మరలాగా తిప్పి బిగించే క్రౌన్ (వాచీ పక్కనుండే కీ బొడిపె), నిఖార్సైన డైవర్ వాచీ, ధర మధ్యతరగతిది. 2019 నాటికి దాన్ని ఆపేశారు. అదే ఏడు, అదే రూపంలో, అదే బెజెల్‌తో కొత్త 'సీకో 5 స్పోర్ట్స్' వచ్చింది. లోతు 100 మీటర్లకు దిగింది, క్రౌన్ మామూలుగా లాగి నెట్టేది అయింది, 'డైవర్స్' అన్న మాట డయల్ మీంచి మాయమైంది. వేషం మిగిలింది, విద్య పోయింది. జనం ఏం చేశారంటారా? ఎగబడి కొన్నారు, ఇంకా కొంటున్నారు. అది తప్పని నేననను, ఆఫీసుకు ఆ వంద మీటర్లు మహా ఎక్కువ. అయితే సాటి డైవర్ వీరుల్లారా, అసలు డైవింగ్ సామర్థ్యం తీసేసినా మీలో ఎవరికీ లోటు తెలియలేదంటే, ముందునుంచీ మీరు కొన్నది ఏమిటి? అటు ఆగిపోయిన ఎస్‌కెఎక్స్‌కి మాత్రం పాతవాటికే కొత్తప్పటి కంటే ఎక్కువ ధర పలుకుతోంది. పోయినవాడి గొప్ప మనకు పెద్దకర్మ రోజునే కదా తెలిసేది.

ఆటోమేటిక్ సంగతి ఇంకా ముచ్చటైనది. చెయ్యి ఊగితే లోపల రోటరు తిరిగి దానంతటదే కీ ఎక్కుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, "ప్రాణమున్న యంత్రమన్నా" అంటారు. ఈ ప్రాణం సీకో 4ఆర్36 అనే యంత్రంలో సుమారు 41 గంటలు నిలుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పెడితే ఆదివారం మధ్యాహ్నానికి ఆగిపోతుంది. సోమవారం పొద్దున్న వీరుడు ఫోను తీసి, టైం చూసి, వాచీలో పెట్టుకుని, ఫోను జేబులో వేసుకుని, ఆ తర్వాత టైం కోసం వాచీ చూసుకుంటాడు. పాత ఎస్‌కెఎక్స్‌లోని 7ఎస్26కి చేత్తో కీ ఇచ్చే వీలు కూడా లేదు. దాన్ని లేపాలంటే పూర్వం డాక్టర్లు పాదరసపు థర్మామీటరు విదిలించినట్టు విదిలించాలి. వీటికి వర్జ్యం కూడా ఉంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 దాకా తారీకు మార్చకూడదు, పళ్ళచక్రాలు దెబ్బతింటాయి. జాతకాల మీద నమ్మకం లేని ఇంజనీరు ఈ నియమం మాత్రం నిష్ఠగా పాటిస్తాడు.

ఇంత చేస్తే అది చూపించే టైం ఎంత సరిగ్గా ఉంటుందట? 4ఆర్36కి కంపెనీ చెప్పే హద్దు రోజుకు 45 సెకన్లు ముందు నుంచి 35 సెకన్లు వెనక దాకా. మామూలు బ్యాటరీ (క్వార్ట్జ్) వాచీ నెల మొత్తానికి 15, 20 సెకన్లు తప్పుతుంది. ఆ తప్పు మన యంత్రానికి ఒక్క పూట పని.

ఇక 'బడ్జెట్'. ఈ లోకంలో బడ్జెట్ వాచీ ఒంటరిగా ఇంటికి రాదు. వెంట ఒక రబ్బరు పట్టీ, ఒక నైలాన్ పట్టీ, పట్టీలు మార్చే పుల్ల, ఇంకో అద్దం, ఇంకో రంగు బెజెల్, చివరికి పెట్టుకోనప్పుడు వాచీని తిప్పుతూ ఉండే కరెంటు పెట్టె కూడా వస్తాయి. బ్యాటరీ వద్దని కొన్న వాచీకి గోడ ప్లగ్గు! ఈలోగా మొదటి దానికో తోడు వస్తుంది. ఒక మిత్రుడింట్లో విన్న సంభాషణ:

"ఏవండీ, ఇది మొన్న కొన్నదే కదా?"

"కాదు, అది ఓరియెంట్ 'మాకో', ఇది 'కమాసు'."

"రెండూ టైమే కదా చూపించేది?"

"ఆ... టైమే. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ."

మా తరం నాన్నల దగ్గర ఒకటే ఉండేది, హెచ్‌ఎంటీ. 1961లో సిటిజెన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ మన పెళ్ళికొడుకులందరి చేతులకూ వాచీ కట్టింది. చివరికి 2016లో కేంద్ర మంత్రివర్గం దాని మూసివేతకు ఆమోదం తెలిపింది. పొద్దున్నే 6.45కి విజయవాడ ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు మొదలైతే నాన్న ముల్లు సరిచేసి, కీ ఇచ్చి, చేతికి పెట్టుకునేవారు. నీళ్ళు తగిలితే పాడవుతుందని స్నానానికి ముందు తీసి గూట్లో పెట్టేవారు. కొడుకు 200 మీటర్ల వాచీ కొని, నీళ్ళు తగలకూడదని తీసి జేబులో పెడుతున్నాడు. సిటిజెన్ వాళ్ళకు మాత్రం రెండు తరాలూ కలిసొచ్చాయి.

ఒక వస్తువు అందంగా ఉంది, మనసు పడ్డాను, కొన్నాను అంటే కాదనేవాళ్ళెవరు? నగలు కొనే ఆడవాళ్ళెప్పుడూ వడ్డాణం నడుంనొప్పికి మంచిదని చెప్పుకోలేదు. మగవాళ్ళకే ఈ తిప్పలు. నగ కొనుక్కోవడానికి సముద్రాన్ని సాక్ష్యానికి పిలవాలి. నా తీర్పు ఇది: రోజూ పెట్టుకోవడానికి, టైం చూసుకోవడానికి, వానకూ ఈతకూ వాచీ కావాలంటే 100 మీటర్ల క్వార్ట్జ్ కొనుక్కోండి, మీ జీతంలో నాలుగో వంతు కూడా కాదు. లేదూ, సెకన్ల ముల్లు జారుతూ నడిచే తీరే కావాలంటే ఆటోమేటిక్ డైవర్ కొనుక్కోండి, కానీ డయల్ మీద ఏం రాసుందో చదివి, సరదాకని చెప్పి కొనండి.

ఇప్పటికే కొన్నవాళ్ళకు చిన్న విన్నపం. నీళ్ళను బయట ఆపేది వాచీ ఉక్కు కేసు కాదు, దాని అంచుల్లో ఉన్న సన్నటి రబ్బరు వాషర్లు. అవి వేడినీళ్ళకూ సబ్బుకూ వయసుకూ గట్టిపడిపోతాయి. గీజరు నీళ్ళ స్నానానికి తీసేయండి, బేసిన్ దగ్గర మాత్రం ఉంచండి, క్రౌన్ బిగించారో లేదో చూసుకోండి. కొన్నేళ్ళకోసారి మంచి వాచీ మెకానిక్ దగ్గర వాషర్లు మార్పించి, ప్రెషర్ టెస్టు చేయించండి. చేయించకపోతే డయల్ మీద ఉన్న 200 ఆ వాచీ ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజు లెక్క మాత్రమే.