అట్ట చూసి వేసిన మార్కులు

పామూరులో పుస్తకాల మీద అభిప్రాయం అడిగేవాళ్లు తక్కువ. అడక్కపోయినా చెప్పేవాళ్లలో నేను ముందుంటాను. ఉద్యోగమంతా లెక్కలు చెప్పిన మాస్టార్ని. జవాబు సరిపోయినా స్టెప్పులు లేకపోతే సగం మార్కులు కోసినవాణ్ణి. అలాంటివాణ్ణి పుస్తకాల దగ్గరికొచ్చేసరికి స్టెప్పులూ చూడలేదు, జవాబూ చూడలేదు. అట్ట చూసి మార్కులు వేశాను. ప్రేమ నవలలకు ఎప్పుడూ సున్నాయే. జన్మకల్లా ఒక్కదానికి నూటికి నూరు వేస్తే, అదే నా పరువు తీసింది.

సున్నాల సంగతి ముందు చెప్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల మొదట్లో, నవలలు అద్దెకిచ్చే బంకు ఒకటి ఉండేది. అచ్చు పుస్తకాలు సగం. పత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి, పైన అట్టముక్క అంటించిన బైండు పుస్తకాలు సగం. యద్దనపూడి సులోచనారాణి పేరు ఎప్పుడు ఎత్తినా బంకువాడు 'బయటుంది' అనేవాడు. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన ఆవిడ 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికకు 'సెక్రటరీ' సీరియల్ రాశారు. 1976లో రామానాయుడు దాన్ని సినిమా తీస్తే అక్కినేని రాజశేఖరం అయ్యాడు, వాణిశ్రీ జయంతి అయింది. సినిమా వచ్చి వెళ్లిపోయింది. నవల మాత్రం మా ఊళ్లో ఇంకా ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది.

ఆ అద్దె పుస్తకాల్లో అసలు సరుకు మార్జిన్లలో ఉండేది. చదివినవాళ్లు చదివినచోటే అభిప్రాయం రాసేసేవాళ్లు. 'ఈ మాటేదో ముందే అనొచ్చుగా రాజశేఖరం!' 'జయంతీ, తగ్గొద్దు.' 'ఇక్కడ పేజీ చింపినవాళ్ల చేతులు పడిపోను.' ఒకరు రాసిన దానికింద ఇంకొకరు 'కాదు' అని, దాని కింద మరొకరు 'నీకేం తెలుసు' అని. ఎవరు రాసిందీ తెలీదు, పేర్లుండవు. నా కంటికి మాత్రం అవన్నీ చదువు పాడుచేసుకుంటున్న ఆడపిల్లల ఆనవాళ్లు. ఓ సాయంత్రం జేబులో ఎర్రసిరా పెన్ను ఉంది, 'సెక్రటరీ' చివరి పేజీలో జాగా ఉంది. 'ఇలాంటి మగవాళ్లు కథల్లోనే ఉంటారు. ఊహలు మాని చదువు మీద దృష్టి పెట్టండి' అని రాశాను. అలవాటు కొద్దీ కింద పొట్టి సంతకం కూడా గీశాను. పుస్తకం మాత్రం చదవలేదు.

కొన్నాళ్లకు అదే పుస్తకం బంకు బల్లమీద కనిపిస్తే తిరగేశాను. నా ఎర్రక్షరాల కింద పెన్సిలుతో, పొందికైన చిన్న అక్షరాల్లో ఎవరో రాశారు: 'తెలుసు సార్.'

పొగరు అనుకున్నాను. అంతకుమించి అందులో ఏమైనా ఉందని తోచలేదు.

ఆ పంతం మీదే పుస్తకం అద్దెకు తీసుకున్నాను. తప్పులు ఏరి చూపిద్దామని మొదలుపెట్టి, ఆ రాత్రి లాంతరు ఒత్తి రెండుసార్లు ఎగదోసి, తెల్లారేసరికి పూర్తి చేశాను. పూర్తిచేసి ఊరుకుంటే బాగుండేది. లెక్కల బుర్ర కదా, సూత్రం రాబట్టాను. ఆడవాళ్లకు రాజశేఖరం ఎందుకు నచ్చాడు? పొడుగు. అది నా చేతిలో లేదు. కారు. నాకున్నది సైకిలు. డబ్బు. ఆ మాట ఎత్తకపోవడమే మేలు. ఇవన్నీ తీసేస్తే మిగిలింది ముభావం. ఎక్కువ మాట్లాడకపోవడం, ఓ చూపు చూసి ఊరుకోవడం. పైసా ఖర్చులేనిది అదొక్కటే కనిపించింది.

ఆ ఎండాకాలమే నాకు పెళ్లయింది. మొదటిసారి అత్తారింటికి వెళ్లి అక్కడ సూత్రం అమలు చేశాను. పలకరిస్తే సగం నవ్వు, అడిగితే తల ఊపు, భోజనాల దగ్గర దూరంగా గోడవైపు చూపు. అల్లుడు కలుపుగోలుగా లేడేమని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. మూడోపూట మా ఆవిడ పక్కకొచ్చి, నలుగురికీ వినపడేట్టే అడిగింది: "ఏందండీ, పన్నేమన్నా నొప్పా?" నేను జవాబు చెప్పలేదు. రాజశేఖరం చెప్పడు గదా. దాంతో అది నిర్ధారణ అయిపోయింది. మా అత్తగారు లవంగం తెచ్చి ఏ పన్నో చూపించమంది. ఏదో ఒకటి చూపించాలి కాబట్టి కుడివైపు దవడపన్ను చూపించాను. లవంగం నొక్కిపట్టి, పైన ఉప్పునీళ్లు పుక్కిలించి, మర్నాడు మామగారితో బస్సెక్కి కనిగిరి దాకా పోయి పళ్లు చూపించుకుని వచ్చాను. డాక్టరు దీపం వేసి చూసి, పన్ను భేషుగ్గా ఉందన్నాడు. అప్పటికీ నిజం చెప్పలేదు.

చెప్పింది చాలా ఏళ్ల తర్వాత, పిల్లలు పుట్టాక. మా ఆవిడ నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని అన్నదేంటంటే, "రాజశేఖరం నోరు తెరవకపోయినా ఆ పిల్ల ఏమనుకుంటుందో కనిపెట్టుకునే ఉంటాడు గదండీ. మీరు కనిపెట్టిందేంది? సైకిల్లో గాలి ఉందా లేదా అనేగా." ఆవిడా ఆ నవల చదివిందని నాకు అప్పుడే తెలిసింది. పెళ్లికి ముందే చదివిందట. చదివీ, పొట్టివాణ్ణి, సైకిలువాణ్ణి, నన్ను చేసుకుంది. అప్పుడైనా నా సూత్రంలో తప్పెక్కడుందో నాకు తట్టాల్సింది. తట్టలేదు.

ఈలోగా ఇంకో ఘనకార్యం చేశాను. యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' చదివి, చివర గుక్కపట్టి ఏడ్చి, స్టాఫ్‌రూమ్‌లో మాత్రం అది ప్రేమ నవల కాదని వాదించాను. హీరో రేవంత్ చదరంగం ఆటగాడు. ముఖం చూపించని అమ్మాయి ఫోనులో మాట్లాడుతూ, తన ఫోను నంబరు కనుక్కోమని చిక్కుముడులు వేస్తుంది. అందులో ఆట ఉంది, తర్కం ఉంది, అంకెలు ఉన్నాయి. కాబట్టి అది గౌరవనీయమైన పుస్తకమని తేల్చాను. అదే కథతో కన్నడంలో సునీల్‌కుమార్ దేశాయ్ 1995లో అనంత్‌నాగ్‌ని పెట్టి 'బెళదింగళ బాలె' తీస్తే, 'చూశారా, పక్క రాష్ట్రం కూడా ఒప్పుకుంది' అన్నాను. ఆడవాళ్లు రాసి ఆడవాళ్లు చదివితే ఊహలు, మగవాడు రాసి మధ్యలో ఏనుగూ గుర్రమూ పెడితే మేధస్సు. ఇదీ నా తూకం. ఆట ఉంటే చాలు మంచి పుస్తకమేనన్న గుడ్డి నమ్మకం నాకు అక్కడ పడింది.

ఇక నూటికి నూరు సంగతి.

మొన్నామధ్య మనవరాలు ఇంజనీరింగ్ సెలవులకు వచ్చింది. ఆమె సంచిలో ఓ లావుపాటి ఇంగ్లీషు నవల: హన్నా గ్రేస్ రాసిన 'ఐస్‌బ్రేకర్', 2022లో వచ్చింది. అట్టమీద ముద్దులొలికే కార్టూన్ బొమ్మలు. వెనక అట్ట చదివాను. ఓ కాలేజీ అమ్మాయి, స్కేటింగ్‌లో ఒలింపిక్స్‌కి వెళ్లాలని పట్టుదల. ఓ అబ్బాయి, హాకీ జట్టు కెప్టెన్. ఒకే మైదానాన్ని ఇద్దరి జట్లూ పంచుకోవాల్సి వస్తుంది. ఇంకేం కావాలి? క్రీడాస్ఫూర్తి, ఆడపిల్ల పట్టుదల, సర్దుబాటు గుణం. సరిగ్గా అప్పుడే ఓ బడివాళ్లు ఆటల పోటీల బహుమతులకు పుస్తకాలు సూచించమని నన్ను పిలిచారు. నేను వెళ్లి ధ్యాన్‌చంద్ దగ్గర మొదలుపెట్టి, ఒలింపిక్స్ హాకీలో మనకొచ్చిన ఎనిమిది స్వర్ణాలు లెక్కజెప్పి, మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజనిని తలుచుకుని, అలాంటి హాకీ మీద అమెరికా కాలేజీ నేపథ్యంలో చక్కటి నవల వచ్చిందని ముగించాను. హెడ్మాస్టరు గారు పేరు రాసుకున్నారు, స్పెల్లింగ్ కూడా నేనే చెప్పాను.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే మనవరాలు తింటున్న జంతిక చేతిలోనే ఆగిపోయింది. "తాతయ్యా, చదివారా దాన్ని?"

"చదవడమెందుకు, తెలుస్తూనే ఉందిగా."

పెద్ద దెబ్బ ఒక్కసారి కొట్టడం ఇష్టంలేక చిన్నదానితో మొదలుపెట్టింది. అది మన హాకీ కాదు. పదకొండుమంది కాదు, ఆరుగురు. బంతి కాదు, రబ్బరు బిళ్ల. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు విడతలు, అదీ మంచుమీద. ఆ కాలేజీ ఉన్నది కాలిఫోర్నియాలో కాబట్టి మంచు కూడా మిషన్లతో గడ్డకట్టించిందే. మా ఊళ్లో ఐసంటే గోనెపట్టా కింద ఊకలో దాచి, సోడాబండివాడు సుత్తితో కొట్టిచ్చేది. దానిమీద నిలబడి ఆరుగురు కొట్టుకుంటుంటే ఊహించడం కూడా నావల్ల కాలేదు. తర్వాత అసలు సంగతి చెప్పింది. చెప్పలేదు, నిజానికి. "కొన్ని పేజీలున్నాయి" అని పైకప్పు వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. బొమ్మల అట్ట చూసి పిల్లల పుస్తకమనుకుని మోసపోయిన పెద్దవాళ్లు అమెరికాలోనూ ఉన్నారట. అదొక్కటే ఊరట.

వెంటనే హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. "ఆ పుస్తకం వద్దులెండి, అది మన హాకీ కాదట."

"ఏ హాకీ అయితే ఏం సార్, ఆటేగా. ఉండనివ్వండి."

"కొంచెం లావు కూడా..."

"పర్లేదు సార్, ఎండాకాలం సెలవులేగా."

"అందులో పిల్లలకు పనికిరాని భాగాలున్నాయండీ" అనక తప్పలేదు. కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత ఎంతో మర్యాదగా అడిగారు: "మీరు చదివే చెప్పారా సార్?"

అవునంటే ఒక రకంగా పోతుంది పరువు, కాదంటే ఇంకో రకంగా. "సిగ్నల్ సరిగా లేదండీ" అని పెట్టేశాను.

ఆ రాత్రి మనవరాలిని కూర్చోబెట్టి, అసలు మీ హాస్టల్లో ఈ పుస్తకం గురించి ఏమనుకుంటారని అడిగాను. నిజంగా తెలుసుకుందామని నేను అడగడం అదే మొదలు. ఒక పిల్ల ఇందులో హాకీ ఏదీ, ఉత్త పేరుకే అని పెదవి విరిచిందట. ఇంకొకతె సగం కోసేస్తే బాగుండేదంది. ఒకమ్మాయికి హీరో తెగ నచ్చాడు. కండలున్నందుకు కాదు, అడిగి చేస్తాడు, విన్నది గుర్తుపెట్టుకుంటాడు అని. ఒకతె 'ఆ పేజీలు' దాటేసి చదివింది, ఒకతె అవి మాత్రమే చదివింది. దీనికంటే ఎల్లె కెనెడీ రాసిన 'ది డీల్' నయమని మరొకతె వాదన. 2015లో వచ్చిన ఆ నవలలో హాకీ ఆటగాడికి నీతిశాస్త్రం పాఠం చెప్పి ఓ అమ్మాయి పరీక్ష గట్టెక్కిస్తుందట. ట్యూషన్ అనేసరికి నాకు కాస్త సానుభూతి కలిగింది. ఇవన్నీ వరసలుగా వస్తాయని కూడా చెప్పింది. జట్టులో ఒకడి పెళ్లి సంగతి తేలగానే, పక్కన నిలబడ్డ స్నేహితుడు తర్వాతి పుస్తకానికి హీరో. జట్టు ఉన్నంతకాలం పుస్తకాలకు కరువులేదు.

"మరి నిజంగా అలాంటి అబ్బాయిలు ఉంటారా తల్లీ?" అన్నాను, పాత ఎర్రసిరా గొంతుతో.

"ఉండరని తెలుసు తాతయ్యా. మా క్లాసులో అరవైమంది ఉన్నారు, రోజూ చూస్తున్నాం" అంది.

పెన్సిలుతో రాసిన ఆ చిన్న అక్షరాలు నాకు అప్పటికి అర్థమయ్యాయి. ఆ బంకు పుస్తకాల మీద గొడవపడిన ఆడపిల్లలెవరూ రాజశేఖరం పామూరు బస్టాండులో దిగుతాడని ఎదురుచూడలేదు. ఇంట్లో నీళ్లు తోడి, పొయ్యి ముందు కూర్చుని, పొలానికి క్యారియరు పంపి, ఆ మధ్యలో దొరికిన గంట ఆ లోకంలో తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడూ దారి తెలుసు, వచ్చేటప్పుడూ తెలుసు. మధ్యమధ్యలో ఆ హీరోనే మందలించారు కూడా. మొగుడు ఇలా మాట్లాడితే ఎలా ఉంటుంది, అలా మాట్లాడితే ఊరుకోవాలా అని మార్జిన్లలో వాళ్లలో వాళ్లు తేల్చుకున్నారు. ఆ నవలను నిజమని నమ్మి, దాన్నిబట్టి నడవబోయి, లవంగం కొరికినవాణ్ణి మా ఊరి మొత్తానికి నేనొక్కణ్ణే. ఊహకూ నిజానికీ తేడా తెలుసుకోమని ఎర్రసిరాతో బుద్ధి చెప్పిందీ నేనే.

తర్వాత 'ఐస్‌బ్రేకర్' చదివాను. కొన్ని పేజీలు దాటేశాను. ఎన్ని అన్నది అనవసరం. సాగదీత ఉంది, ఆట తక్కువే, హాస్టలు పిల్లలు చెప్పింది నిజమే. ఆ కుర్రాడు మాత్రం ఆ పిల్ల ఏం తింటోంది, ఎందుకు కంగారుపడుతోంది అని కనిపెట్టుకునే ఉంటాడు. మా ఆవిడ ఎప్పుడో చెప్పిన మాట సముద్రాలకు అవతల ఇంగ్లీషులో చదవాల్సి వచ్చింది నాకు. ఆవిడతో ఆ మాటంటే, "పోనీలెండి, ఇప్పటికైనా పన్ను ఊడకుండా తెలిసింది" అంది.

బడివాళ్లు చివరికి బహుమతులకు నిఘంటువులు కొందామనుకున్నారు. నిన్న హెడ్మాస్టరు ఫోన్ చేసి, ఓ కంపెనీ డిక్షనరీ పేరు చెప్పి, "ఇది ఇవ్వొచ్చుగా సార్?" అన్నారు.

"ఒక కాపీ ఇంటికి పంపండి, చూసి చెప్తాను" అన్నాను.

"డిక్షనరీయే సార్!"

"అయినా పంపండి."