నెట్ లేని యంత్రం, భయం లేని అధికారి

విద్యుత్తు, తాగునీరు, రైళ్లు నడిపే సంస్థలలో గత రెండు దశాబ్దాలుగా ఒక కొత్త వేదాంతం వేళ్లూనుకుంది. దానికి భాష్యకారులు ఎందరున్నా మూలసూత్రం మాత్రం ఒక్కటే, కంట్రోల్ సిస్టమ్‌కు ఇంటర్నెట్ లేదు కనుక దానికి ఏ ఆపదా రాదని. యంత్రం లోకంలో ఉంటూనే లోకాన్ని అంటకుండా ఉంటుందన్న ఈ మతంలో చేరడానికి సాధన అక్కరలేదు, ఖర్చు అంతకన్నా అక్కరలేదు, పత్రికా ప్రకటన మీద సంతకం పెడితే చాలు.

ఇక్కడ ప్రస్తావనకు వచ్చే యంత్రాలు సామాన్యమైనవి కావు. నాగార్జునసాగర్ జలాలు కోదండాపూర్‌లో శుద్ధి అయ్యి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా హయత్‌నగర్ పక్కనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు చేరుతాయి. మూడు దశలు కలిపి ఈ తాగునీటి పథకం సామర్థ్యం రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. అదే దారిలో కాస్త ముందుకు వెళితే, 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఎల్.బి. నగర్ మెట్రో స్టేషను, రైలుకూ రైలుకూ మధ్య దూరాన్ని రేడియో సంకేతాలతో లెక్కగట్టే సిగ్నలింగ్ వ్యవస్థ కనిపిస్తాయి. ఇటువంటి పనులలో మోటారునో వాల్వునో నేరుగా ఆడించే చిన్న కంప్యూటరును పీఎల్‌సీ అనీ, అటువంటి పరికరాలు ఎన్నో పంపే సమాచారాన్ని ఒక గదిలోని తెరపైకి చేర్చి అక్కడి నుంచే ఆజ్ఞలిచ్చే వ్యవస్థను స్కాడా అనీ అంటారు. ఈ పరికరాలు మాట్లాడుకునే భాషలలో పేరుపొందిన మోడ్‌బస్ 1979లో పుట్టింది. ఆజ్ఞ అందితే పాటించడమే తప్ప, ఇచ్చినవారెవరని అడగడం దాని స్వభావంలో లేదు. ఇంతటి విధేయత గల సేవకుడున్న ఇంట్లో తలుపులు ఎన్నో లెక్కపెట్టకుండా, అసలు తలుపులే లేవని ప్రకటించడం ఈ వేదాంతపు ప్రత్యేకత.

సిద్ధాంతానికి శాస్త్రోక్తమైన పరీక్ష 2019లో జరిగింది. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలోని కంట్రోల్ వ్యవస్థలు బయటి నెట్‌వర్కుతో సంబంధం లేనివనీ, వాటిపై సైబర్ దాడి సాధ్యమే కాదనీ అక్టోబరు 29న ఒక ప్రకటన వెలువడింది. మాల్‌వేర్ చొరబడిన మాట నిజమేననీ, ఆ సంగతిని దేశ సైబర్ అత్యవసర సంస్థ సెర్ట్-ఇన్ సెప్టెంబరు 4నే తెలిపిందనీ మర్నాడు అణు విద్యుత్ సంస్థ ఒప్పుకుంది. మాల్‌వేర్ సోకినది పరిపాలనా పనులకు వాడే కంప్యూటరుకే తప్ప రియాక్టరును నడిపేదానికి కాదన్న వివరణ సరైనదే కావచ్చు. అయితే హెచ్చరిక అందిన ఎనిమిది వారాలకు కూడా అసాధ్యమన్న మాటను అంత నిబ్బరంగా రాయగలగడం సాంకేతిక పరిజ్ఞానంతో సాధ్యపడేది కాదు, దానికి విశ్వాసం కావాలి.

తెలంగాణ అనుభవం మరింత బోధప్రదం. 2021 మార్చిలో, చైనాకు చెందినదని అనుమానించిన ఒక ముఠా సర్వర్లు, విద్యుత్ గ్రిడ్‌ను నియంత్రించే రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రపు వ్యవస్థలతో సంబంధం పెట్టుకోజూస్తున్నాయని సెర్ట్-ఇన్ హెచ్చరించగా, విద్యుత్ అధికారులు అనుమానాస్పద ఐపీ చిరునామాలను అడ్డుకున్నారనీ, పాస్‌వర్డులు మార్చారనీ, సబ్‌స్టేషన్ యార్డులలోని సర్క్యూట్ బ్రేకర్లను దూరం నుంచి నడిపే వీలును ఆపారనీ వార్తలు వచ్చాయి. ఆ పని మెచ్చదగినదే, అయితే వేదాంతానికి అదే గొడ్డలిపెట్టు: లేని దారిని మూయడం ఎవరి తరమూ కాదు.

ఇంటర్నెట్ తీగ నిజంగానే లేని చోట కూడా లోకం మనుషుల జేబుల్లో లోపలికి వస్తుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ పెన్‌డ్రైవుల ద్వారా కూడా వ్యాపించగలిగినందువల్లే ఇరాన్‌లోని నతాంజ్‌లో విడిగా ఉంచిన యంత్రాలను చేరగలిగింది. మెయింటెనెన్స్ కాంట్రాక్టు మీద వచ్చే ఇంజనీరు ల్యాప్‌టాప్, మూడు షిఫ్టులకూ ఉమ్మడిగా ఉండి మానిటరు అంచున కాగితంపై అతికించిన పాస్‌వర్డు, టెండరు ముగిసినా ఎవరూ పీకని మోడెం కూడా ఆ కోవలోవే. 2023 నవంబరులో అమెరికాలోని అలిక్విప్పా నీటి సంస్థ పీఎల్‌సీ ఒకటి పరుల చేతికి చిక్కినప్పుడు, ఆ రకం పరికరాలకు కంపెనీ ఇచ్చిన 1111 అన్న పాస్‌వర్డును మార్చుకోమని అక్కడి ప్రభుత్వమే హితవు చెప్పవలసి వచ్చింది.

నిబంధనలకు మాత్రం కొరత లేదు. విద్యుత్ రంగానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లో సైబర్ మార్గదర్శకాలు ఇచ్చింది. దాడి జరిగితే గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ ఆరు గంటలు గమనించిన క్షణం నుంచి మొదలవుతాయి కనుక, లాగ్‌లను ఎన్నడూ తెరిచి చూడని కార్యాలయం నిబంధనను ఎన్నటికీ ఉల్లంఘించదు.

ఆచరణకు పనికివచ్చే భద్రతలో ఇంత తత్త్వం ఉండదు. ఏ పరికరం దేనితో మాట్లాడుతుందో జాబితా రాయడం, పరిపాలనా నెట్‌వర్కునూ యంత్రాల నెట్‌వర్కునూ వేరుచేసి మధ్యనున్న దారికి కాపలా పెట్టడం, కాంట్రాక్టరుకు పని ఉన్నంతసేపే ప్రవేశం ఇవ్వడం, పీఎల్‌సీ ప్రోగ్రాముల నకళ్లను విడిగా దాచడం, తెర మొరాయించిన రోజున చేత్తో నడపగల సిబ్బందిని నిలుపుకోవడం, ఇంతే. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో సైబర్ దాడి వల్ల దాదాపు రెండు లక్షల పాతిక వేల వినియోగదారులకు కరెంటు పోయినప్పుడు, ఆపరేటర్ల కళ్లెదుటే మౌస్ బాణం తనంతట తాను కదులుతూ బ్రేకర్లు తెరిచింది. కొన్ని గంటల్లో సరఫరా తిరిగి వచ్చిందంటే, సబ్‌స్టేషన్లకు వెళ్లి ఆ బ్రేకర్లను చేత్తో మూయడం తెలిసిన మనుషులు ఉండడం వల్లనే. అటువంటి మనుషులను ఖర్చు తగ్గింపు పేరిట ఇంటికి పంపి, ఆ మిగులుతో కొన్న ఫైర్‌వాల్‌కు కొబ్బరికాయ కొట్టే సంస్థలకు ఒక నియమం విధించడం న్యాయం: ఏ బయటి సంబంధమూ లేదని ప్రకటించదలచిన అధికారి, ఆ సంస్థలోని ప్రతి తీగనూ మోడెమ్‌నూ పెన్‌డ్రైవునూ ల్యాప్‌టాపునూ పేర్కొన్న జాబితాను ప్రకటనకు జతచేసి, దాని మీద కూడా సంతకం చేయాలి. అంతటితో ఇటువంటి ప్రకటనలు చాలావరకు వాటంతట అవే ఆగిపోతాయి.