నేను జిరాక్స్ మిషన్ని

ఉస్మానియా యూనివర్సిటీ పక్క వీధిలో ఉంటాను. షటర్ లేచింది మొదలు రాత్రి దించేదాకా నా అద్దం వేడి చల్లారదు. ఆధార్ కార్డులు, కులం సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు ఎన్ని కొట్టినా అడిగేవాడు లేడు. పేచీ అంతా పుస్తకాలతోనే.

"అన్నా, ఈ మూడో చాప్టర్ ఒక సెట్ కొట్టవా?" అంటూ ఎమ్మే చదివే అమ్మాయి లైబ్రరీ ముద్ర ఉన్న లావుపాటి పుస్తకం తెస్తుంది. వెన్ను విరగకుండా అరచేత్తో మెల్లగా అదిమి, మా ఓనర్ మూత దించుతాడు. నడిమి మడత దగ్గర అక్షరాలు నల్లబడితే ఆ పేజీ మళ్లీ కొడతాడు, దానికి డబ్బులు తీసుకోడు. వేల రూపాయల ఆ విదేశీ పుస్తకం ఆ అమ్మాయి కొనలేదు. కావాల్సింది కూడా ఆ ఒక్క చాప్టరే.

మరి ఇది తప్పా? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నకళ్లు తీసే హక్కు రచయితది, లేదా ఆయన రాసిచ్చినవాళ్లది. రిజిస్టర్ చేయించకపోయినా ఆ హక్కు ఉంటుంది. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు నిలుస్తుంది. అనుమతి లేకుండా నకలు తీస్తే ఉల్లంఘనే, కింద రచయిత పేరు వేసినంత మాత్రాన ఒప్పైపోదు. తెలిసి చేస్తే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. కాకపోతే హక్కు రాసిన తీరుకే గాని అందులోని ఆలోచనకు కాదు. సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఈ సంగతి తేల్చింది.

అదే చట్టంలో 52వ సెక్షన్ ఉంది. నాకు ప్రాణం లాంటిది. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన మేరకు వాడుకోవడం ఉల్లంఘన కాదు. పాఠం చెప్పే క్రమంలో టీచరో విద్యార్థో తీసుకున్న నకలూ కాదు. చూపులేని విద్యార్థి కంప్యూటర్ చేత చదివించుకోవడానికి పుస్తకం స్కాన్ చేసినా చట్టం ఒప్పుకుంటుంది. 2012 సవరణ ఇచ్చిన వెసులుబాటది.

ఆ ఏడాదే ఢిల్లీలో మా జాతి మీద పెద్ద కేసు పడింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ షాపు, సిలబస్ ప్రకారం చాప్టర్లు ఏరి కట్టగా కుట్టి విద్యార్థులకు ఇచ్చేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ షాపు మీద, యూనివర్సిటీ మీద హైకోర్టుకెళ్లాయి. కొంతకాలం ఆ కట్టలు ఆగిపోయాయి. విద్యార్థులు సంఘంగా ఏర్పడి తామూ కక్షిదారులయ్యారు. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. కాపీరైట్ దైవదత్తమైన హక్కేమీ కాదన్నారు. డిసెంబరులో డివిజన్ బెంచ్ ఇంకాస్త లోతుకెళ్లింది. ఎన్ని పేజీలన్నది కాదు, పాఠానికి ఆ భాగం అవసరమా కాదా అన్నదే కొలత అంది. ఆ అవసరం ఎంతన్నది విచారణలో తేలాలని కేసును వెనక్కి పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా మానుకున్నారు.

ఆ తీర్పు విని కొందరు ఇక ఏదైనా కొట్టుకోవచ్చనుకున్నారు. ఒకతను పోటీ పరీక్షల గైడ్ తెచ్చి, రంగుల అట్టతో సహా వంద కాపీలు కావాలన్నాడు. అమ్ముకోవడానికి! మా ఓనర్ ఒక్క పేజీ కూడా తిప్పకుండా అతని చేతికే ఇచ్చేశాడు. సరైన పని చేశాడు. తరగతి గది కోసం ఇచ్చిన మినహాయింపు వ్యాపారానికి చెల్లదు.

మన భాషలో సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, ఇంట్లో కట్టలు పెట్టుకుని అమ్ముకునే రచయితలు చాలామంది. నూటయాభై రూపాయల అలాంటి పుస్తకాన్ని దయచేసి నా దగ్గరికి తేకండి. కొనుక్కోండి.